ఇంట ఉన్నవాడు, ఇంటిపై హక్కున్నవాడు: నల్లగొండ ప్రాంత నేపథ్యంలో ఖాళీ చేయింపు న్యాయచరిత్ర

వ్యాససంగ్రహం

సొంత ఇంట్లో అనుమతితో చేరిన వ్యక్తి, ఆ అనుమతి ముగిసిన తరువాత కూడా వెళ్ళకపోతే గృహయజమానికి ఉన్న మార్గమేమిటనే ప్రశ్నను ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. ధర్మశాస్త్ర సంప్రదాయం, మద్రాసు ప్రెసిడెన్సీ చట్టాలు, హైదరాబాదు రాజ్యంలోని బేదఖలు అనుభవం, స్వాతంత్ర్యానంతర న్యాయస్థానాల తీర్పులు ఇందులో ఆధారాలు. నల్లగొండ జిల్లా మాడుగులపల్లి వంటి గ్రామానికి కిరాయి నియంత్రణ చట్టం వర్తించదు. అక్కడ ఈ వివాదం సాధారణ సివిల్ న్యాయ సూత్రాల మీదనే నడుస్తుంది. ఎంతకాలం ఉన్నా అతిథికి ఇంటిపై హక్కు పుట్టదనేది ఆ సూత్రాలలో మొదటిది. హక్కు లేనివానినైనా బలప్రయోగంతో గెంటివేయరాదనేది రెండవది. ఈ రెండూ వేరువేరు చరిత్రల నుండి వచ్చి ఒకచోట కలిశాయని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అనుమతి, కిరాయి, కబ్జా, బేదఖలు, ఇల్లరికం, నల్లగొండ, వృద్ధుల సంరక్షణ చట్టం.

1. ఉపోద్ఘాతం

మాడుగులపల్లి నల్లగొండ – మిర్యాలగూడ మార్గంలో ఉన్న గ్రామం. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మండల కేంద్రమైంది. 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలైన తరువాత మిర్యాలగూడ పరిసరాలలో వరి సాగు, ధాన్యపు మిల్లులు విస్తరించాయి. పని వెదుక్కుంటూ వచ్చినవారు, కౌలుకు వచ్చినవారు, చదువు కోసం బంధువుల ఇళ్ళకు చేరినవారు, ఒక గదిని పంచుకున్న స్నేహితులు ఈ ప్రాంత జనజీవనంలో భాగమయ్యారు. ఇటువంటి నివాసాలలో ఎక్కువ భాగానికి కాగితం ఉండదు. 'కొన్నాళ్ళు ఉండు' అన్న మాటే ఒప్పందం. ఆ కొన్నాళ్ళు ఎప్పుడు ముగిశాయన్న దగ్గర వివాదం మొదలవుతుంది.

ఈ వివాదంలో వాడే మాటలే చరిత్రను చెబుతాయి. కోస్తాలో 'అద్దె' అన్నది తెలంగాణలో 'కిరాయి'. 'కబ్జా' అనే అరబీ మూలపదానికి దఫ్తరు భాషలో స్వాధీనమని మాత్రమే అర్థం. నేటి తెలుగులో అది అక్రమ ఆక్రమణకు పర్యాయపదమైంది. 'బేదఖలు' అంటే స్వాధీనం నుండి తొలగించడం. పాత పహాణీ పత్రంలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరొక గడి ఉండేవి. హక్కున్నవాడు, స్వాధీనంలో ఉన్నవాడు వేరువేరు వ్యక్తులు కావచ్చునన్న ఎరుక ఆ రెండు గడులలో కనిపిస్తుంది. పహాణీ సాగుభూమికి సంబంధించినదైనా, ఇంటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి ఆ విభజనే తాళపుచెవి.

2. ధర్మశాస్త్ర సంప్రదాయంలో పరుల ఇంట నివాసం

పరుల స్థలంలో నివసించేవాని హక్కులను నారదస్మృతి స్పష్టంగా చర్చించింది. పరుల నేలమీద ఇల్లు కట్టుకొని కిరాయి చెల్లిస్తూ నివసించినవాడు వెళ్ళేటప్పుడు కప్పుగడ్డి, కలప, ఇటుకలు తీసుకుపోవచ్చు. కిరాయి చెల్లించక, యజమాని ఇష్టానికి వ్యతిరేకంగా ఉన్నవానికి ఆ హక్కు లేదు. ఇద్దరూ వెళ్ళవలసినవారే. అయితే ఏ స్థితిలో ఉన్నారన్న దానినిబట్టి వెళ్ళే తీరు మారుతుంది. అనుమతి, ప్రతిఫలం ఉన్న నివాసాన్ని, అవి లేని నివాసాన్ని వేరుచేసిన తొలి ఆలోచనలలో ఇదొకటి.

దీర్ఘకాల అనుభవం హక్కుగా మారుతుందా అన్న ప్రశ్నను యాజ్ఞవల్క్యస్మృతి లేవనెత్తింది. యజమాని చూస్తూ మాట్లాడకుండా ఉండగా పరులు ఇరవై ఏళ్ళు భూమిని అనుభవిస్తే నష్టం కలుగుతుందని అందులో ఉంది. కళ్యాణి చాళుక్య విక్రమాదిత్యుని ఆస్థానంలో మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు ఈ నియమాన్ని సంకుచితంగా వ్యాఖ్యానించాడు. నష్టపోయేది ఫలమే కాని స్వామ్యం కాదన్నది ఆయన అభిప్రాయం. పానగల్లు కేంద్రంగా నల్లగొండ ప్రాంతాన్ని పాలించిన కందూరు చోడులు ఆ చాళుక్యులకే సామంతులు. 13వ శతాబ్దిలో కేతన రచించిన విజ్ఞానేశ్వరీయం ద్వారా ఈ ధర్మశాస్త్ర సంప్రదాయం తెలుగు పద్యంలోకి వచ్చింది. కాలం గడచినంత మాత్రాన ఇల్లు చేజారదన్న భావనకు తెలుగునేలపై ఇంత పాత మూలం ఉంది.

3. మద్రాసు చట్టాలు: అతిథికి నిర్వచనం, స్వాధీనానికి రక్షణ

అనుమతితో ఉన్నవానికి ఆధునిక చట్టరూపం 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలో వచ్చింది. అది మొదటి నుండే మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. ఆ చట్టం సెక్షన్ 52 ప్రకారం, అనుమతి లేకుంటే చట్టవిరుద్ధమయ్యే పనిని ఒకరి స్థిరాస్తిలో చేసుకోనిచ్చే హక్కు 'లైసెన్సు'. దానివల్ల ఆస్తిలో ఎటువంటి భాగమూ సంక్రమించదు. బంధువును ఇంట్లో ఉంచుకోవడం ఈ నిర్వచనంలోకి వస్తుంది. సెక్షన్ 61 ప్రకారం అనుమతిని మాటతోగాని, ప్రవర్తనతోగాని ఉపసంహరించవచ్చు. సెక్షన్ 63 ప్రకారం, ఉపసంహరించిన తరువాత వెళ్ళడానికి, సామాను తీసుకుపోవడానికి సమంజసమైన వ్యవధి ఇవ్వాలి.

సెక్షన్ 60లోని ఒక మినహాయింపు గ్రామీణ జీవితానికి చాలా దగ్గరిది. అనుమతిని నమ్ముకొని తన ఖర్చుతో శాశ్వత నిర్మాణం చేసినవాని అనుమతిని రద్దు చేయరాదు. మేనల్లుడు పెరట్లో స్లాబు గది వేసుకుంటుండగా మేనమామ చూస్తూ ఊరుకుంటే, తరువాత 'వెళ్ళు' అనడం అంత సులభం కాదు. నారదుని ఇటుకలు, కలప ఇక్కడ మరో రూపంలో తిరిగి వచ్చాయి.

స్వాధీనరక్షణ చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. 1859 నాటి 14వ చట్టం సెక్షన్ 15, 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 9, 1963 నాటి అదే పేరుగల చట్టం సెక్షన్ 6 ఒకే సూత్రాన్ని కొనసాగించాయి. న్యాయప్రక్రియ లేకుండా స్వాధీనం కోల్పోయినవాడు ఆరు నెలలలోపు దావా వేస్తే, యాజమాన్యం ఎవరిదన్న విచారణ లేకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు. హక్కున్నవాడైనా భారతదేశంలో బలవంతంగా స్వాధీనం తీసుకోరాదని, న్యాయస్థానం ద్వారానే పొందాలని 1924లో మిడ్నపూర్ జమీందారీ కంపెనీ వ్యాజ్యంలో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. 1968లో లల్లూ యశ్వంత్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే బలపరిచింది.

4. నల్లగొండలో బేదఖలు అనుభవం

ఈ సూత్రం పుస్తకాలలో ఉండటం వేరు, ఊళ్ళో అమలు కావడం వేరు. దేశ్‌ముఖుల ఆధిపత్యం, వెట్టి, భూముల నుండి రైతుల తొలగింపు నల్లగొండ జిల్లాలో 1946–51 సాయుధ పోరాటానికి ప్రధాన కారణాలు. ఆ అనుభవం తరువాత హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం 1950 జూన్ 10న అమలులోకి వచ్చి 'రక్షిత కౌలుదారు' అనే వర్గాన్ని సృష్టించింది.

చట్టం వచ్చినంత మాత్రాన గెంటివేతలు ఆగలేదు. హైదరాబాదు రాజ్యంలో జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాలపై ఏ.ఎం. ఖుస్రో 1958లో వెలువరించిన అధ్యయనంలో దీనికి సాక్ష్యం ఉంది. 1951లో గుర్తింపు పొందిన రక్షిత కౌలుదారులలో నాలుగేళ్ళ తరువాత ఆ హోదాలో మిగిలినవారు నూటికి 45 మంది. సుమారు 12 మంది భూమి కొనుక్కున్నారు. చట్టప్రకారం తొలగింపబడినవారు ముగ్గురి కంటే తక్కువ. చట్టవిరుద్ధంగా తొలగింపబడినవారు 22 మంది. 'స్వచ్ఛందంగా' వదులుకున్నవారు దాదాపు 18 మంది. న్యాయస్థానం ద్వారా జరిగిన ఒక్కొక్క తొలగింపుకు బయట ఎనిమిదికి పైగా జరిగాయన్న మాట. ఖాళీ చేయించే అధికారాన్ని యజమాని చేతిలో వదలడానికి చట్టం ఎందుకు వెనుకాడుతుందో ఈ అంకెలే చెబుతాయి.

భూమి విషయంలో ఉన్న ఈ భయం ఇంటిస్థలానికీ వ్యాపించింది. భూయజమాని స్థలంలో అతని అనుమతితో గుడిసె వేసుకొని బతికే వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి ఆ నివాసస్థలంపై యాజమాన్యం కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1976లో చట్టం చేసింది. సాధారణ న్యాయం ప్రకారం వారు అనుమతిదారులు, ఎప్పుడైనా వెళ్ళమనదగినవారు. శాసనసభ వారిని యజమానులను చేసింది. అనుమతి హక్కుగా మారదన్న నియమానికి ఇది బుద్ధిపూర్వకమైన మినహాయింపు. అది సామాజిక న్యాయం కోసం శాసనం ద్వారా వచ్చినదే గాని, కాలం గడవడం వల్ల వచ్చినది కాదు.

5. ఇంట ఉన్నవాడు ఎవరు?

ఖాళీ చేయింపు వ్యాజ్యాలలో మొదట తేలవలసిన ప్రశ్న ఇది. ఒకే గదిలో ఉన్న వ్యక్తి అతిథి కావచ్చు, కిరాయిదారు కావచ్చు, కుటుంబహక్కు ఉన్నవాడు కావచ్చు. జవాబునుబట్టి మార్గం మారుతుంది.

అతిథికి, కిరాయిదారుకు మధ్య గీతను స్పష్టం చేసిన తీర్పు 1959 నాటి అసోసియేటెడ్ హోటల్స్ వ్యాజ్యం. ఢిల్లీ ఇంపీరియల్ హోటలులోని గదులలో క్షౌరశాల నడిపిన వ్యక్తి లీజుదారా, లైసెన్సుదారా అన్నది అక్కడి వివాదం. పత్రానికి పెట్టిన పేరు ముఖ్యం కాదని, ఉభయుల ఉద్దేశమే అసలైన పరీక్ష అని, ప్రత్యేక స్వాధీనం ఉంటే ప్రాథమికంగా కిరాయిదారుగా భావించాలని జస్టిస్ కోకా సుబ్బారావు సూత్రీకరించారు. ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఆయన సూత్రాలు నేటికీ ప్రమాణం. ఒక గదిని పంచుకొనే స్నేహితుల మధ్య కూడా ఇదే కొలత. ఇద్దరూ కలిసి గదిని కిరాయికి తీసుకున్నట్లయితే ఒకరు మరొకరిని పంపివేయలేరు. ఒకరు తీసుకున్న గదిలో మరొకరు కేవలం తోడుగా చేరితే, రెండవవాడు అనుమతిదారు మాత్రమే.

కుటుంబహక్కు విషయం మరింత సున్నితమైనది. ఇల్లరికపుటల్లుడు చూపుకు అతిథిలాగే ఉంటాడు, కిరాయి కట్టడు, పత్రం ఉండదు. అయినా మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు రెడ్డి కుటుంబాలలో ఇల్లటం ఆచారానికి 1881లోనే మద్రాసు హైకోర్టు హనుమంతమ్మ వ్యాజ్యంలో గుర్తింపునిచ్చింది. ఆ ఆచారం రుజువైతే అల్లుడు వారసత్వంలో భాగస్వామి. వితంతువు నివాసం కూడా దయతో ఇచ్చిన ఆశ్రయం కాదు. 1956 నాటి హిందూ దత్తత, పోషణ చట్టం పోషణ అనే పదంలో నివాసాన్ని చేర్చింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్ళిన తులసమ్మ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1977లో, హిందూ స్త్రీ పోషణహక్కు శాసనానికి ముందునుండి ఉన్నదేనని, ఆ హక్కు బదులుగా వచ్చిన ఆస్తి ఆమెకు సంపూర్ణ ఆస్తి అవుతుందని తీర్పు చెప్పింది. 'నా ఇంట్లో ఊరికే ఉంటున్నది' అన్న మాట చట్టం ముందు ప్రతిసారీ నిలవదని ఈ రెండు ఉదాహరణలూ చూపుతాయి.

6. పట్టణానికి ఒక చట్టం, పల్లెకు మరొక స్థితి

రెండవ ప్రపంచయుద్ధకాలపు గృహకొరత వల్ల కిరాయి నియంత్రణ చట్టాలు వచ్చాయి. మద్రాసు రాష్ట్రంలో 1946, 1949 చట్టాలు, హైదరాబాదు రాష్ట్రంలో 1954 చట్టం అమలయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత రెండు ప్రాంతాలకూ కలిపి 1960లో భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. బుద్ధిపూర్వకంగా కిరాయి ఎగవేయడం, వ్రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి కిరాయికి ఇవ్వడం, యజమానికి సొంత అవసరం ఉండటం వంటి నిర్దిష్ట కారణాలపైనే ఖాళీ చేయించాలని సెక్షన్ 10 నిర్దేశించింది. హోటలు గదిని, భోజనవసతి గృహంలోని గదిని చట్టం తన పరిధి నుండి తప్పించింది.

1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు ఈ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపు సమానత్వానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 1983 అక్టోబరులో మోటార్ జనరల్ ట్రేడర్స్ వ్యాజ్యంలో కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరు 29న ప్రభుత్వం జి.ఓ. 636 ద్వారా, కట్టి పదేళ్ళు నిండని భవనాలకు, నెలకు వెయ్యి రూపాయలకు మించిన కిరాయి ఉన్న భవనాలకు మినహాయింపు ప్రకటించింది. 2005 సవరణతో కిరాయి పరిమితి నగరపాలక సంస్థలలో 3,500 రూపాయలకు, ఇతర ప్రాంతాలలో 2,000 రూపాయలకు మారింది.

ఈ చట్టం హైదరాబాదు, సికింద్రాబాదు నగరాలను, పురపాలక సంఘాలను ఉద్దేశించినది. మిర్యాలగూడ పట్టణంలో తక్కువ కిరాయి ఇంటి యజమాని రెంట్ కంట్రోలరు వద్దకు వెళ్ళాలి. గ్రామపంచాయతీ పరిధిలోని మాడుగులపల్లిలో ఆ వేదిక లేదు. అక్కడ కిరాయిదారునైనా, అతిథినైనా సాధారణ సివిల్ న్యాయస్థానం ద్వారానే ఖాళీ చేయించాలి. పైగా గ్రామకంఠంలోని పాత ఇళ్ళకు రిజిస్టరు పత్రాలు తరచుగా ఉండవు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లులే కనబడే ఆధారాలు. పన్ను రసీదు స్వాధీనానికి సాక్ష్యమే కాని యాజమాన్యపత్రం కాదు. అయినా అది అతిథి పేరుకు మారిన రోజున యజమాని వ్యాజ్యం బలహీనపడటం మొదలవుతుంది.

7. సివిల్ మార్గం, దాని హద్దులు

అనుమతిని ఉపసంహరిస్తూ వ్రాతపూర్వక నోటీసు, సమంజసమైన వ్యవధి, తరువాత దావా అన్నది స్థిరపడిన క్రమం. అనుమతి ముగిసిన వెంటనే ఆలస్యం లేకుండా వచ్చిన యజమానిని ప్రత్యేకంగా స్వాధీన దావా వేయమని తిప్పిపంపనక్కరలేదని, మాండేటరీ ఇంజంక్షను ద్వారానే ఖాళీ చేయించవచ్చునని సుప్రీంకోర్టు 1985లో సంత్‌లాల్ జైన్ వ్యాజ్యంలో చెప్పింది. డిక్రీ అమలు సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు ప్రకారం న్యాయస్థాన సిబ్బంది ద్వారా జరుగుతుంది. తలుపుకు తాళం వేయడం, కరెంటు తీసివేయడం, సామాను వీధిలో పడవేయడం ఈ క్రమంలో భాగం కావు.

ఎదుటి పక్షానికి కూడా హద్దులు ఏర్పడ్డాయి. పన్నెండేళ్ళు ఉన్నాము కాబట్టి ఇల్లు మాదేనన్న వాదన అనుమతిదారుకు చెల్లదు. యజమాని అనుమతితో మొదలైన నివాసం, యజమాని హక్కును బహిరంగంగా నిరాకరించనంతకాలం ప్రతికూల స్వాధీనం కాదు. 2003 డిసెంబరులో రామేగౌడ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు స్థిరపడిన స్వాధీనాన్ని తాత్కాలిక ప్రవేశం నుండి వేరుచేసింది. 2012 మార్చి 21న గోవాకు చెందిన మరియా మార్గరీడా వ్యాజ్యంలో మరింత స్పష్టత వచ్చింది. సోదరి ఇంట్లో ఉంటున్న సోదరుడు స్వాధీనహక్కు కోరిన వ్యాజ్యమది. ప్రతిఫలం లేకుండా ఉండనిచ్చినవారు, కాపలాదారు, సేవకుడు ఎన్నేళ్ళున్నా ఆస్తిపై హక్కు పొందరని, వారి స్వాధీనం యజమాని తరపునదేనని న్యాయస్థానం నిర్ధారించింది. నివాసి తానే ఇంజంక్షను కోరుతూ వేసిన దావాలో హక్కులు తేలినా న్యాయప్రక్రియ పూర్తయినట్లేనని కూడా చెప్పింది.

క్రిమినల్ చట్టం పాత్ర పరిమితం. చట్టబద్ధంగా ప్రవేశించి, భయపెట్టే, అవమానించే లేదా ఇబ్బంది పెట్టే ఉద్దేశంతో అక్రమంగా నిలిచిపోవడం కూడా నేరపూరిత ప్రవేశమేనని 1860 నాటి శిక్షాస్మృతి సెక్షన్ 441 నిర్వచించింది. 2024 జూలై 1 నుండి ఆ స్థానంలో భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 ఉంది. ఆ ఉద్దేశం రుజువు కాకుండా కేవలం వెళ్ళకపోవడం సివిల్ వివాదంగానే మిగులుతుంది.

8. వృద్ధ యజమాని, నివాసహక్కు గల కోడలు

సివిల్ దావా ఏళ్ళ తరబడి సాగితే వృద్ధ యజమానికి గెలుపు కూడా ఆలస్యమైన ఊరటే. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం సబ్ డివిజనల్ స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షతన ట్రైబ్యునల్‌ను ఏర్పరచి ఈ ఆలస్యానికి ప్రత్యామ్నాయం చూపింది. చట్టంలో ఖాళీ చేయింపు అన్న మాట స్పష్టంగా లేకపోయినా, వృద్ధుల రక్షణకు అవసరమైతే ట్రైబ్యునల్ ఆ ఆదేశం ఇవ్వవచ్చునని 2020 డిసెంబరు 15న ఎస్. వనిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అంగీకరించింది.

అదే తీర్పు మరొక హెచ్చరికనూ ఇచ్చింది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం భాగస్వామ్య గృహంలో స్త్రీకి నివాసహక్కు కల్పిస్తుంది. వృద్ధుల చట్టాన్ని అడ్డుపెట్టి ఆ హక్కును రద్దు చేయరాదు. రెండింటినీ సమన్వయించాలి. ఇల్లు అత్తమామలదైనా అది భాగస్వామ్య గృహం కావచ్చునని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా వ్యాజ్యంలో తేలింది. దానితో 2006 నాటి బాత్రా తీర్పు చెల్లకుండా పోయింది. ఒకే గడపలో ఇద్దరు బలహీనులు ఎదురుపడినప్పుడు చట్టం ఏ ఒక్కరి పక్షమూ ముందుగా తీసుకోలేదు.

9. ముగింపు

ఈ చరిత్రలో రెండు ధారలు కనిపిస్తాయి. మొదటిది యజమానిది. విజ్ఞానేశ్వరుని వ్యాఖ్యానం నుండి మరియా మార్గరీడా తీర్పు వరకు, ఆదరించి చోటిచ్చినందుకు ఇల్లు పోగొట్టుకోనక్కరలేదన్నది దాని సారం. ఈ హామీ లేనినాడు చుట్టానికి చోటివ్వడానికే జనం జంకుతారు. రెండవది స్వాధీనంలో ఉన్నవానిది. 1859 చట్టం నుండి నేటి వరకు, ఎవరు ఎవరిని పంపివేయాలో బలవంతుని చేయి తేల్చరాదన్నది దాని సారం. నల్లగొండ బేదఖలు అనుభవాన్ని ఎరిగినవారికి ఈ రెండవ ధార విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

మాడుగులపల్లి వంటి గ్రామంలో ఈ రెండు ధారలూ కాగితం లేని మాట దగ్గర కలుస్తాయి. చోటిచ్చే రోజున గడువు, కిరాయి ఉన్నదా లేదా అన్నది రెండు వాక్యాలలో వ్రాసుకుంటే, తరువాత న్యాయస్థానం తేల్చవలసిన మొదటి ప్రశ్నకు జవాబు ముందే సిద్ధమవుతుంది. బంధుత్వం మధ్యకు కాగితం రావడం అమర్యాదగా తోచవచ్చు. కాని ఆ మర్యాద చెడిన తరువాత మిగిలేది దావా, వాయిదాలు, ఒకే కప్పు కింద మాటలు లేని ఏళ్ళు. గ్రామీణ గృహనివాస వివాదాలను కిరాయి నియంత్రణ చరిత్రకు అనుబంధంగా కాక ప్రత్యేక అధ్యయనాంశంగా తీసుకోవలసిన అవసరాన్ని ఈ పరిశీలన సూచిస్తున్నది.